మూడు చుక్కల తదితరులు

"దీంట్లో నేను యాడుండానప్పా?" అని అడిగింది ఆమె, కూర్చోమన్నా కూర్చోకుండా.

చేతిలో ఆ రోజు మా పత్రిక జోన్ పేజీ, అంటే కొన్ని మండలాల వార్తలు వేసే పేజీ, ఉంది. కోడుమూరులో బస్సెక్కి, కర్నూలులో దిగి, షేర్ ఆటోలో కల్లూరు వైపున్న మా ఆఫీసుకు చేరేలోగా కాగితం మడతల దగ్గర చెమటకు మెత్తబడింది. ఆమె వేలు పెట్టి చూపించింది ఒక గ్రామసభ వార్త. చిన్నది, పేజీలో కింద కుడి మూలన పడింది. చివరి వాక్యంలో మండలాధ్యక్షుడి పేరు, జెడ్పీటీసీ సభ్యుడి పేరు, ఆ వెంటనే "తదితరులు పాల్గొన్నారు" అని ఉంది. ఆమె ఆ ఊరి సర్పంచి. ఆ సభకు అధ్యక్షత వహించింది ఆమే.

ఆ పేజీ చూసే డెస్కు నాది. పేరు పడలేదని, ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుందని, కనుక్కుని చెబుతానని అన్నాను. ఇలాంటి మాటతో డెస్కుకు ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. ఆ జవాబు మాకు నోటికి వచ్చేసి ఉంటుంది.

"నా ఒక్కదానికే పొరపాటైతే నా రాత అనుకుందును," అంది. "నా యెనక ఎంపీడీఓ సారు కూర్చున్న్యాడు. ఆయప్ప పేరూ లేదు. హెడ్మాస్టరుది లేదు. నీళ్ల సంఘం ఆయప్పది లేదు. నాతోపాటు అందర్నీ కలిపి ఊడ్చేసినారే."

"జాగా చాలకపోతే తదితరులు అని రాస్తామమ్మా."

"మా చర్చిలో పాస్టరయ్య జబ్బు చేసినోళ్ల కోసం ప్రార్థన చేస్తే పేరు పేరునా పిలుస్తాడు. తదితరులు అంటే దేవునికి మాత్రం ఎవురని తెలుస్తాదప్పా?"

పక్క బల్ల దగ్గర ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆదివారం బడిలో చదువు నేర్చుకున్న మనిషి. వాక్యం కింద వేలు జరుపుకుంటూ వార్త మొత్తం పైకి చదివింది. చివరి మాట దగ్గరికి వచ్చాక వేలు తీసేసింది.

ఆమెకు వచ్చిన ఇబ్బంది ఏమిటో అప్పుడు చెప్పింది. ఎన్నికల్లో ఓడిపోయినవాళ్లు ఆమె మీద ఫిర్యాదు పెట్టారు. పేరుకు మాత్రమే ఆమె సర్పంచి, సభలకు రాదు, పెత్తనమంతా భర్తది అని. డివిజన్ అధికారి విచారణకు పిలిచాడు. నిజమని తేలితే పదవి పోతుందని ఊళ్లో అప్పుడే మాట్లాడుకుంటున్నారు. ఫిర్యాదుకు రుజువుగా వాళ్లు జతచేసినవి మా పత్రిక కత్తిరింపులే. ప్రతి దాంట్లోనూ "సర్పంచి భర్త" అని ఆమె భర్త పేరు ఉంది. ఆ సభల్లో చాలావాటికి తాను వెళ్లలేదని ఆమే ఒప్పుకుంది. ఫిర్యాదు వచ్చాక భర్త ఇంటి పట్టున ఆగిపోయాడు. ఈ సభకు ఆమె ఒక్కతే వెళ్లింది. మోటారు కాలిపోయి ఊరికి నీళ్లు రాని సంగతి మైకు పట్టుకుని మాట్లాడింది. మరునాడు పేపరు తెప్పించుకుంది.

పంచాయతీ మినిట్స్‌లో సంతకాలు ఉంటాయి కదా అన్నాను.

"నేను పోని సభకు కూడా నా సంతకం ఉండాది. పుస్తకం ఇంటికి తెచ్చి పెట్టించుకున్న్యారు. ఇప్పుడు నిజంగా పోయి పెట్టిన సంతకం కూడా అట్లాంటిదే అంటారు." పేజీ నా బల్ల మీద పరిచి అంది: "రాని సభలకంతా మా ఇంటాయన పేరు ఏసినారు. వచ్చిన సభకు నా పేరు తీసేసినారు. మీరు వాళ్లకేమన్నా బంధువులా?"

నిజానికి ఆ వాక్యాన్ని మా డెస్కులో మనిషెవరూ రాయలేదు. కంప్యూటర్ ప్రోగ్రాము రాసింది.

అంతకుముందు మండలాల నుంచి వార్తలు ఫ్యాక్సులో వచ్చేవి. విలేకరుల చేతిరాతను డీటీపీ ఆపరేటర్లు టైపు చేసేవారు. ఎన్ని సార్లు దిద్దినా తప్పులు పేర్ల దగ్గరే మిగిలేవి. జిల్లా పేజీలో వార్త చివర పేర్లు రాయడం ఒక ఆచారం. వార్త చదవనివాడు కూడా ఆ వాక్యం చదువుతాడు, తన పేరుందో లేదో చూసుకుంటాడు, ఎవరి పేరు తర్వాత ఉందో కూడా చూసుకుంటాడు. వరుస తప్పితే ఫోన్లు వస్తాయి. జాగా అయిపోయిన చోట "తదితరులు" అని పెడతాం. ఆ మాటలో ఎంతమందైనా పడతారు. అసలు ఎవరూ లేకపోయినా ఆ మాట నిలబడుతుంది. మంత్రాలయం విలేకరి ఒకాయన తాను ఒక్కడే హాజరైన సమావేశానికి కూడా తదితరులను పిలిచాడని డెస్కులో చెప్పుకునేవారు.

రెండువేల దశకం సగానికి వచ్చేసరికి మండల కేంద్రాల్లో ఇంటర్నెట్ సెంటర్లు తెరుచుకున్నాయి. మా సిస్టమ్స్ గదిలో పనిచేసే ఇంజినీరు ఒక ప్రోగ్రాము తయారుచేసింది. కడప అమ్మాయి. ఇంట్లో ఉర్దూ, బయట కడప తెలుగు. శనివారం మధ్యాహ్నం పని ముగించుకుని కడప బస్సెక్కేది, సోమవారం మళ్లీ వచ్చేది. ఆమె ప్రోగ్రాములో విలేకరి వార్త రకం ఎంచుకుంటే తెర మీద గడులు వస్తాయి. గ్రామసభ అయితే మండలాధ్యక్షుడు, జెడ్పీటీసీ, సర్పంచి, ఎంపీడీఓ, అలా. ఉర్సు అయితే వేరే గడులు, చర్చి వార్షికోత్సవం అయితే వేరే. గడుల్లో పేర్లు నింపితే, హోదాలు తగిలించి, మా ఫాంటులో చివరి వాక్యాన్ని ప్రోగ్రామే కూర్చేది.

ఆమె దాన్ని సి భాషలో రాసింది. సాయంత్రం పేజీలు అచ్చుకు వదిలే ముందు టీ తాగుతూ నాకు కొంత చెప్పేది. వార్త రాసుకోవచ్చన్న ఆశతో వినడం మొదలుపెట్టాను. ఆ వార్త ఎప్పుడూ రాయలేదు గానీ సంగతి గుర్తుండిపోయింది.

ఆమెకు ఎదురైన మొదటి చిక్కు లెక్క. ఒక్కో రకం వార్తకు ఒక్కో సంఖ్యలో పేర్లు. ఎన్ని పేర్లిచ్చినా తీసుకుని వరుసగా రాసే పనిముట్టు ఒకటి కావాలి. సి భాషలో దానికి వీలుంది. ఎంతమంది వస్తారో తెలియని చోట మూడు చుక్కలు పెడతారు. ఆమె వాటిని "వగైరా" అనేది. కోర్టు నోటీసుల్లో, భూమి కాగితాల్లో ఒక పేరు రాసి "వగైరాలు" అని వదిలేస్తారు చూడండి, అదే. కోర్టు కచేరీలో వగైరా, పత్రికలో తదితరులు, సి భాషలో మూడు చుక్కలు. అయితే ఆ చుక్కల్లో ఎంతమంది వచ్చారన్నది సి భాష ఎవరికీ చెప్పదు. రాసే మనిషే చివర ఒక గుర్తు పెట్టాలి, ఇక్కడితో సరి అని. ఆమె సున్నా పెట్టేది.

పేర్లు రాసే ఆ పనిముట్టుకు ఆమె పెట్టిన పేరు "రాయి". రాళ్ల సీమలో ఇంకేం పేరు దొరుకుతుందమ్మా అని డెస్కులో ఒకాయన అన్నాడు.

ఒకసారి ఆమె సున్నా మరిచిపోయింది. బ్యాంకు శాఖ ప్రారంభోత్సవం గడులకు రాసిన వాక్యంలో. ప్రోగ్రాము ఆగకుండా మెమరీలో ముందుకు పోయి, అంతకుముందు వార్తలో మిగిలిపోయిన ఒక పేరును కూడా తెచ్చి వరుసలో నిలబెట్టింది. ఆ పేరు అదే పేజీలో "ఇక లేరు" అన్న శీర్షిక కింద ఉన్న పెద్దమనిషిది. ప్రూఫులో ఆయన బ్యాంకు ప్రారంభోత్సవంలో పాల్గొన్నాడు. మేం పట్టుకున్నాం కాబట్టి అచ్చు కాలేదు.

ఆ మరునాడే ఆమె ఒక మాక్రో రాసింది. సి ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేటట్టు మార్చేది కంపైలర్. అది చదివే ముందు ప్రీప్రాసెసర్ అనేది ఒకసారి చూస్తుంది. ఫలానా మాట కనపడితే దాన్ని తీసేసి ఫలానా ముక్క పెట్టు అని ముందే చెప్పి ఉంచితే, అది అలాగే మాట తీసి ముక్క పెడుతూ పోతుంది. అలా చెప్పి ఉంచిన మాట పేరు మాక్రో.

"మీ డెస్కు మాదిరే సార్," అంది. "అర్థం చేసుకోదు. మారుస్తాది."

ఆమె రాసిన వరుస ఇది. కాగితం మీద రాసి చూపిస్తే దాచుకున్నాను:

#define PERLU(...) raayi(__VA_ARGS__, (char *)0)

ఎడమ పక్కన మూడు చుక్కలు. కుడి పక్కన, కింది గీతల మధ్య ఉన్న పొడుగు మాట, ఆ చుక్కల్లో పడినవాళ్లంతా వచ్చి వరుసగా నిలబడే చోటు. వాళ్ల వెనక సున్నా. ఇక ప్రోగ్రాములో ఎక్కడైనా "పేర్లు" అని పిలిచి రెండు పేర్లిచ్చినా పది పేర్లిచ్చినా చాలు, సున్నా తనంతట తానే వచ్చి చివర కూర్చుంటుంది. మరిచిపోయే పని మనిషి చేతిలోంచి పోయింది. మాక్రోలో మూడు చుక్కలు అప్పటికి కొత్త వసతి అట. ఆమె దగ్గరున్న కంపైలర్‌కు అది తెలుసు. హైదరాబాదులో మా హెడ్డాఫీసు వాడే పాత కంపైలర్‌కు తెలియదు. ఆ సంగతి ఆమె కొంచెం గర్వంగానే చెప్పింది.

చాలా రోజులు ఏ గొడవా రాలేదు.

ఆ రోజు సర్పంచిని బల్ల దగ్గర కూర్చోబెట్టి సిస్టమ్స్ గదికి కబురు పెడితే, ఇంజినీరు వచ్చి నా కంప్యూటర్‌లోనే ఆ వార్త తెరిచింది. కాసేపు చూసింది.

"అక్కా, మీ పేరుండే గడి ఖాళీగా వచ్చినాది," అంది.

"నా యెనకాలోళ్లవి?"

"వాళ్లవి నిండుగా ఉండాయి. ఎంపీడీఓ, హెడ్మాస్టరు, అందరూ ఉండారు." ఇంకాసేపు చూసి, నుదుటి మీద చెయ్యి పెట్టుకుని నా వైపు తిరిగింది. "సార్, నా సున్నా."

ఆమె వివరించింది. ఖాళీ గడిని ప్రోగ్రాము సున్నా అనే చదువుతుంది. వరుస అయిపోయిందనడానికి గుర్తు కూడా సున్నానే. "తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కర్నీ పిలిచినట్ల సార్. ఎవురూ పలక్కపోతే జనం అయిపోయినారని తలుపేస్తాది. నడిమధ్యలో ఒకామె పలకలేదు. ఆమె యెనక ఉన్నోళ్లంతా బయటే నిలబడిపోయినారు. లేరు అన్నా సున్నానే, ఇంక లేరు అన్నా సున్నానే. దానికి రెండూ ఒకటే."

మా పత్రికలో రెండూ ఒకటి కాదు. "ఇక లేరు" అన్న మాటకు నల్లగీత పెట్టె, ఫోటో ఉంటాయి. ఆ మాట నేనంటే ఇంజినీరు నవ్వింది.

సర్పంచి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "అంటే నేను లేనని చెప్పి, నా యెనకున్నోళ్లు కూడా లేరనుకున్న్యాదా మీ మిషను?"

"అవునక్కా."

"మంచిదే. నన్ను తీసేస్తే ఇంకెవురూ ఉండరని దానికన్నా తెలిసింది."

గడి ఖాళీగా ఎందుకు వచ్చిందో చెప్పాల్సింది కోడుమూరు విలేకరి. ఆయనకు ఫోన్ చేశాను. ఆయన ఫోన్‌లో మాట్లాడితే గదిలో అందరికీ వినపడుతుంది.

"నింపలేదన్నా. కావాలనే ఇడిసిపెట్టినా," అన్నాడు.

"ఎందుకు?"

"ఎప్పుడూ ఆమె భర్త పేరు రాస్తాంటిమి గదా. ఫ్యాక్సు అయితే సర్పంచి భర్త అని రాస్తాంటి. ఇప్పుడు గడి మీద సర్పంచి అని ఉండాది. ఆయప్ప సర్పంచి కాదు గదన్నా. అబద్ధం రాయకూడదని నేను యోచన చేసినా. పైగా ఆ దినం ఆయప్ప రానే లేదు. రాని మనిషి పేరు ఎట్ల రాసేది? అందుకని ఖాళీగా పెట్టినా."

"ఆమె వచ్చింది కదా."

"వచ్చిందన్నా. స్టేజీ మీద ముందు వరసలోనే ఉండింది. శానా బాగా మాట్లాడింది కూడా."

"మరి ఆమె పేరు?"

"ఆమె పేరు రాయాలని నాకు తట్టలేదన్నా," అన్నాడు.

సర్పంచి ఫోన్ అడిగి తీసుకుంది. "ఏమప్పా, బాగుండావా? నా పేరు తెలుసునా నీకు?"

"అయ్యో, తెలీకేమక్కా."

"చెప్పు ఒకసారి."

చెప్పాడు. ఇంటిపేరుతో సహా చెప్పాడు. "ఆ. అదే పేరు. రాసి పెట్టుకో," అని ఫోన్ నాకిచ్చేసింది.

తర్వాతి పని దిద్దుబాటు. ఇంజినీరు అక్కడే కూర్చుని మాక్రో మార్చింది. చివర సున్నా పెట్టే పద్ధతి తీసేసింది. దాని బదులు, చుక్కల్లో ఎన్ని పేర్లు వచ్చాయో మాక్రోనే లెక్కగట్టి "రాయి"కి ముందే చెప్పేటట్టు రాసింది. చుక్కల్లో ఉన్నవాళ్లందర్నీ ఒక పెట్టెలో పెట్టి, పెట్టె మొత్తం పొడవును ఒక్కరి పొడవుతో భాగిస్తే ఎంతమందో తేలుతుంది. ఇక నడుమ ఖాళీ గడి ఉన్నా తలుపు మూసుకోదు. అందరి పేర్లూ వస్తాయి, ఖాళీ ఒక్కటే దాటిపోతుంది.

పాత వార్తనే మళ్లీ నడిపించి చూపించింది. మండలాధ్యక్షుడు, జెడ్పీటీసీ, ఎంపీడీఓ, హెడ్మాస్టరు, నీళ్ల సంఘం అధ్యక్షుడు, తదితరులు పాల్గొన్నారు.

"సరిపోయింది," అన్నాను.

"ఏం సరిపోయింది సార్?" అంది. "ఆమె యాడుంది?"

వాక్యం మళ్లీ చదివాను. ఇప్పుడు అది చూడటానికి చక్కగా ఉంది. ఎవరి పేరైనా తప్పిపోయిందన్న అనుమానమే రాదు.

"పొద్దున అందరూ మాయమయినారు కాబట్టి మనకు తెలిసింది. ఇట్ల రాస్తే ఒక్కామె మాయమయితాది. ఎవురికీ తెలీదు. నేను దీన్ని బాగుచేసినట్లా, తప్పును దాచిపెట్టినట్లా?"

డెస్కు మనిషిగా నా లెక్క వేరు. సాయంత్రానికి పేజీ వదలాలి. ఒక్క గడి ఖాళీగా ఉందని వార్తే రాకుండా ఆగిపోతే నా పేజీలో బొక్క పడుతుంది. దాటెయ్యమని నేను, ఆపెయ్యాలని ఆమె. కొంతసేపు వాదించుకున్నాం. చివరికి ఆమె రెండూ రాసింది. ప్రీప్రాసెసర్‌కు ఒక మాట చెబితే ఖాళీని దాటేస్తుంది. ఆ మాట చెప్పకపోతే ఆగి, "పేరు రాయండి" అని విలేకరి తెర మీద అడుగుతుంది. ఏది అమల్లో ఉండాలో తర్వాత తేల్చుకుందామని, ప్రస్తుతానికి ఆగే పద్ధతే పెట్టింది.

సర్పంచి ఇదంతా వింటూ, ప్లాస్టిక్ కప్పులో టీ ఊదుకుంటూ కూర్చుంది. "పాపా, ఎవరన్నా ఖాళీ పెడితే అది నోరు తెరిచి అడుగుతాదా?" అంది.

"అడుగుతాది అక్కా."

"మా ఊర్లో అట్ల అడిగేవాళ్లు ఒక్కరుంటే నేను ఈడికి బస్సెక్కేదాన్నే కాదు."

మరునాటి పేజీకి సవరణ రాశాను. జోన్ పేజీలో ప్రతి ముక్కా ప్రోగ్రాము ద్వారానే వెళ్లాలి కాబట్టి గ్రామసభ గడులు తెరిచి, సర్పంచి గడి ఒక్కటే నింపాను. మిగతావాటి గురించి అడిగితే, డెస్కుకు మాత్రమే ఉన్న "అవసరం లేదు" అన్న మీట నొక్కాను. సవరణ అంటే వచ్చి అడిగినవాళ్ల పేరు ఒక్కటే వెయ్యాలి, అది పద్ధతి. పైన రెండు ముక్కలు చేర్చి పంపించాను. చుక్కల్లో ఒకే ఒక్క పేరు. కొత్త మాక్రో చక్కగా పనిచేసింది.

అచ్చయింది ఇలా: నిన్నటి సంచికలో వెలువడిన గ్రామసభ వార్తలో సర్పంచి పేరు పొరపాటున రాలేదు. సభలో సర్పంచి (ఇక్కడ ఆమె పూర్తి పేరు), తదితరులు పాల్గొన్నారు.

వెనక ఎవరున్నా లేకున్నా "తదితరులు" తగిలించడం "రాయి" అలవాటు. ఆ ముక్క తీసెయ్యాలని నాకూ తోచలేదు, ఇంజినీరుకూ తోచలేదు. తదితరులు లేకుండా ఒక వాక్యం ముగుస్తుందని మా జోన్ పేజీలో ఎవరికీ అలవాటు లేదు.

పొద్దున్నే మండలాధ్యక్షుడి మనిషి ఫోన్ చేశాడు. "ఏం సార్, మా ప్రెసిడెంటును తదితరుల్లో కలిపినారంట?"

ఆయన పేరు ముందురోజే వచ్చిందని, ఇది సర్పంచి పేరుకు సవరణ మాత్రమేనని చెప్పాను.

"నిన్న వచ్చింది నిన్నటికే. ఈ పొద్దు చదివినోడు ఏమనుకుంటాడు? సభకు ఆమె ఒక్కతే వచ్చినట్ల, మా ఆయప్ప గుంపులో గోవిందలాగ వచ్చినట్ల ఉండాది. రేపు దీనికింకో సవరణ ఏసేయండి."

ఆ మాట ఇంజినీరుకు చెబితే, "ఏస్తే ఆమె మళ్లీ తదితరుల్లోకి పోతాది సార్," అంది. వెయ్యలేదు. కోడుమూరు విలేకరి మాత్రం నాలుగు రోజులు మండలాఫీసు వైపు వెళ్లలేదట.

ఆగే పద్ధతి పెట్టాక విలేకరులు మొదట విసుక్కున్నారు. తర్వాత దారి కనుక్కున్నారు. పేరు రాయండి అని తెర అడిగితే ఒక చుక్క నొక్కి ముందుకు పోవడం మొదలుపెట్టారు. చుక్క కూడా అక్షరమే కాబట్టి ప్రోగ్రాము ఒప్పుకునేది. ఒకసారి "సర్పంచి ., తదితరులు పాల్గొన్నారు" అని అచ్చయింది కూడా. ఇంజినీరు చుక్కను కూడా ఖాళీగా లెక్కించేటట్టు మార్చింది. అప్పుడు కొన్ని మండలాల విలేకరులు భర్త పేరునే సర్పంచి గడిలో రాయసాగారు. అంతకుముందు సర్పంచి భర్త అని ఉండేది, ఇప్పుడు ఉట్టి సర్పంచి అని వచ్చేది. దానికేమైనా చెయ్యగలవా అని అడిగాను.

"పేరు ఆడమనిషిదా మొగమనిషిదా అని సి భాషకు తెలీదు సార్. ఆ పని మీ డెస్కుదే," అంది.

కొంతకాలానికి హెడ్డాఫీసు అన్ని యూనిట్లకూ ఒకే ప్రోగ్రాము ఉండాలని నిర్ణయించి, ఆమె రాసినదాన్ని తీసుకుంది. వాళ్ల కంపైలర్‌కు మూడు చుక్కల మాక్రోలు తెలియవు కాబట్టి ఆ భాగాన్ని తిరగరాశారు. దాటెయ్యడం, ఆపెయ్యడం, ఈ రెంటిలో వాళ్లు దేన్ని ఉంచుకున్నారో మాకు చెప్పలేదు. ఆమె కడపలోనే ఒక ఇంజినీరింగ్ కాలేజీలో చేరింది. వెళ్లేముందు అడిగాను, నీ పద్ధతి గెలిచిందా, నా పద్ధతా అని. హెడ్డాఫీసు వాళ్లు ఫోన్ ఎత్తితే కనుక్కుని చెబుతానంది.

అంతకుముందే సర్పంచి విచారణ నుంచి నేరుగా మా ఆఫీసుకే వచ్చింది. సవరణ కత్తిరింపును ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తీసుకుపోయిందట. అధికారి తీసుకుని రెండుసార్లు చదివాడట.

"చదివి ఏమన్న్యాడు తెలుసునాప్పా? సర్పంచి, తదితరులు అని ఉండాది గదమ్మా, ఈ తదితరుల్లో మీ ఇంటాయన ఉండాడా లేడా అన్న్యాడు."

"మీరేమన్నారు?"

"లేడు సార్ అన్న్యా. ఎట్ల నమ్మేది అన్న్యాడు. అట్లయితే మండలాధ్యక్షుడు ఉండాడా అని నేను అడిగినా. ఉండాడు అన్న్యాడు. ఆయప్ప ఉండేది మీకెట్ల తెలుసు సార్ అన్న్యా. నవ్వినాడు. నవ్వి, పేపరోళ్లనే అడుగుతాంలే అని దాన్ని ఫైల్లో పెట్టుకున్న్యాడు."

ఇంజినీరు అప్పటికింకా మా దగ్గరే ఉంది. తదితరులు అన్న మాటను ప్రోగ్రాము తనంతట తానే పెడుతుందని, అందులో ఎవరూ లేరని రాసి సంతకం పెట్టి ఇస్తానంది. అలా ఇవ్వొచ్చా అని నేను పైవాళ్లను అడిగాను. అధికారి రాతపూర్వకంగా అడిగితే జవాబిద్దామన్నారు.

మాకు ఆ కాగితం రాలేదు. విచారణ వాయిదా పడింది, ఆ అధికారి బదిలీ అయ్యాడు. తర్వాత వచ్చినాయన ఫైలు చూస్తానన్నాడని కోడుమూరు విలేకరి చెప్పాడు. అప్పటి నుంచి ఆమె పేరు అతను తప్పకుండా రాస్తూ వచ్చాడు. ఫిర్యాదు నిజమని గానీ, కొట్టేశామని గానీ ఆమెకు ఏ ఉత్తర్వూ అందలేదు. పదవీకాలం అయిపోయేనాటికి ఆ కత్తిరింపు డివిజన్ ఆఫీసు ఫైల్లోనే ఉంది.